ఆ మైక్ వ్యాన్ సంగతి మీ వ్యాసంలో లేదు

ఎడిటర్ గారికి నమస్కారం.

'నాష్‌విల్' సినిమాకి యాభై ఏళ్ళు నిండాయని మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. బాగానే రాశారు. కానీ రెండు మాటల దగ్గర నాకు మింగుడు పడలేదు. రెండు రోజులు ఊరుకున్నాను. మా ఆవిడ "అలా సణిగే బదులు వాళ్ళకే రాయొచ్చుగా" అంది. అందుకే ఈ ఉత్తరం.

నేను సినిమా విమర్శకుణ్ణి కాదు. తెనాలిలో ముప్పై తొమ్మిదేళ్ళు మైక్ సెట్లు అద్దెకిచ్చి బతికినవాణ్ణి. పెళ్ళిళ్ళు, శ్రీరామనవమి పందిళ్ళు, పద్య నాటకాలు, అన్ని పార్టీల ఎన్నికల మీటింగులు చేశాను. డీజే బాక్సులు వచ్చాక ఆ చప్పుడు నా వల్ల కాక 2016లో మానేశాను. మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో ఆ నాష్‌విల్ ఊళ్ళోనే ఉంటారు. కిందటేడు ఆరు నెలలు వాళ్ళ దగ్గరున్నాను. ఆ ఊళ్ళో ఏం చూశావని మీరడిగితే వినాయకుడి గుడి, మా మనవడి స్కూలు, ఒక పెద్ద పార్కు అని చెబుతాను. ఆ పార్కు గురించి తర్వాత చెబుతాను. ఒక శనివారం వాన పడుతుంటే అల్లుడు "మామయ్య గారూ, మా ఊరి సినిమా చూస్తారా" అని ఇది పెట్టాడు. రెండు గంటల నలభై నిమిషాలు. అమ్మాయి గంటకే నిద్రపోయింది. నేను మాత్రం మర్నాడు మళ్ళీ పెట్టించుకుని చూశాను.

చూడని వాళ్ళ కోసం రెండు ముక్కలు. 1975లో వచ్చింది, తీసినాయన రాబర్ట్ ఆల్ట్‌మన్. రాసినావిడ జోన్ ట్యూక్స్‌బరీ. ఆవిణ్ణి ముందుగా ఆ ఊరు పంపి, చూసిందల్లా డైరీ రాసుకు రమ్మన్నాడట. అయిదు రోజుల కథ, ఇరవై నాలుగు మంది మనుషులు. హీరో అని ఒకడు లేడు. కంట్రీ పాటలనే అమెరికా పల్లె పాటల గాయకులు, గాయకులు కావాలని ఊరొచ్చినవాళ్ళు, మేనేజర్లు, ఒక సైనికుడు, బీబీసీ నుంచి వచ్చానని చెప్పుకునే ఒకావిడ, అందరూ ఒకరినొకరు రాసుకుంటూ తిరుగుతూ ఉంటారు. మన జాతరలో నిలబడి చూస్తున్నట్టు ఉంటుంది, ఎవరి వెంట పడాలో మొదటి అరగంట తెలియదు. వీళ్ళందరి మధ్యా అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న ఒకాయన కోసం పెద్ద సభ ఏర్పాటవుతూ ఉంటుంది.

ఇప్పుడు నా మొదటి అభ్యంతరం. మీ వ్యాసంలో ఇరవై నాలుగు మందినీ లెక్కపెట్టారు కానీ ఇరవై అయిదోవాణ్ణి వదిలేశారు. సినిమా పేర్లు పడటం అవ్వగానే ఒక ఆఫీసు తలుపు పైకి లేస్తుంది, లోపల్నుంచి మైకులు కట్టిన వ్యాన్ బయటికొస్తుంది. అప్పట్నుంచి చివరిదాకా ఆ వ్యాన్ ఊరంతా తిరుగుతూనే ఉంటుంది. అందులోంచి వచ్చేది హాల్ ఫిలిప్ వాకర్ అనే అభ్యర్థి గొంతు. ఆ మనిషి ముఖం మనకెక్కడా కనపడదు. ఆ గొంతు ఇచ్చినాయన థామస్ హాల్ ఫిలిప్స్, మిసిసిపీ రాష్ట్రపు రచయిత, ఆ ఉపన్యాసాలు కూడా ఆయనే రాసుకున్నాడు. జాతీయ గీతం ఎవరికీ పాడటం రాదు, మార్చేయాలంటాడు. కాంగ్రెస్‌లోంచి, అంటే వాళ్ళ పార్లమెంటులోంచి, లాయర్లని తీసేయాలంటాడు. చర్చీల మీద పన్ను వేయాలంటాడు. ఒక్కో మాట నిజమే కదా అనిపిస్తుంది, ఇంకో నిమిషానికి ఇదేం పిచ్చి అనిపిస్తుంది.

మా వృత్తిలోవాళ్ళకి ఆ వ్యాన్ చూస్తే ముందు నవ్వొస్తుంది. ఎందుకంటే బండి కదులుతున్నప్పుడు రోడ్డు పక్క మనిషికి వాక్యంలో సగమే వినపడుతుంది. మిగతా సగం పక్క వీధివాళ్ళకి. అందుకే మా అనౌన్సర్లకి నేను ఒకటే చెప్పేవాణ్ణి: పేరు చెప్పు, గుర్తు చెప్పు, మళ్ళీ పేరు చెప్పు, అంతకు మించి ఒక్క ముక్క వద్దు. రిక్షా మీద రెండు హారన్లు, బ్యాటరీ, చిన్న యాంప్లిఫయర్ పెట్టుకుని తిరిగే రోజుల నుంచి ఆటో మీద క్యాసెట్ వేసి వదిలే రోజుల దాకా అదే పద్ధతి. ఈ వాకర్ గారి వ్యాన్ ఏమో పాఠం చెబుతున్నట్టు పొడుగు పొడుగు వాక్యాలు చెప్పుకుంటూ పోతుంది. రోడ్డు మీద ఒక్కడు ఆగి వినడు. కార్లు ఆగిపోయిన చోటా వినరు, బారు ముందూ వినరు. నవ్వాక అర్థమైంది, అక్కడే సినిమా ఉందని. వినకపోయినా అది చెవిలో పడుతూనే ఉంటుంది. నేను మైక్ కట్టిన ఊళ్ళలో పిల్లలు ఓటు లేకపోయినా గుర్తులన్నీ వల్లించేవాళ్ళు. ఎవరూ విని నేర్చుకోలేదు, వాళ్ళ చెవుల్లో పోశాం మేం.

మీ వ్యాసకర్త ఇదంతా మన సినిమా రాజకీయాల లాంటిదే అన్నారు. ఈ పోలిక చూడటానికి బాగుంటుంది కానీ నిలవదు. మనకి 1982 మార్చి 29న ఎన్.టి. రామారావు గారు పార్టీ పెట్టారు, 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. మధ్యలో చైతన్య రథం అనే ఆ షెవర్లే వ్యాన్ ఊరూరా తిరిగింది. ఆ బండి మా వైపు వచ్చినప్పుడు నేను రోడ్డు పక్క దుమ్ములో నుంచున్నాను. జనం విన్నది తర్వాత, ముందు ఆయన్ని చూశారు. ఆ ముఖాన్ని వాళ్ళు రాముడిగా, కృష్ణుడిగా ముందే ఎరుగుదురు. అంటే మనకి తారే నాయకుడు. నాష్‌విల్ సినిమాలో నాయకుడికి ముఖమే లేదు, అందుకని తారల ముఖాలు అరువు తెచ్చుకోవాలి. ఆ అరువు బేరమే కథ. వాకర్ తరఫున ట్రిప్లెట్ అనే కుర్రాడు సూటు వేసుకుని ఊళ్ళో ఒక్కొక్క గాయకుడి ఇంటికీ వెళ్ళి తీయగా మాట్లాడతాడు. హేవెన్ హామిల్టన్ అనే పెద్ద గాయకుడికి గవర్నర్ పదవి ఆశ చూపిస్తాడు. ఆ హామిల్టన్ వేషం హెన్రీ గిబ్సన్ అనే హాస్యనటుడు వేశాడు. తెల్ల బట్టల్లో పొట్టిగా ఉండి, అమెరికాకి రెండు వందల ఏళ్ళు నిండుతున్నాయని దేశభక్తి పాట రికార్డు చేస్తూ, మధ్యలో పియానో వాయించే కుర్రాడిని జుట్టు కత్తిరించుకో అని తిట్టి పంపేస్తాడు. మా ఊళ్ళో ఇలాంటి పెద్దమనుషులకి నేను చాలాసార్లు మైక్ ఎత్తు సరిచేశాను.

ఇక కథలో పేరున్న గాయని బార్బరా జీన్. రోనీ బ్లేక్లీ ఆ పాత్ర వేసి, ఆ పాటలు తనే రాసుకుని తనే పాడింది. ఇది మన వాళ్ళు గమనించాలి. ఇక్కడ ప్లేబ్యాక్ లేదు. చాలామంది నటులు వాళ్ళ పాటలు వాళ్ళే కట్టుకున్నారు, కెమెరా ముందే పాడారు. కీత్ కారడైన్ అనే కుర్రాడు రాసి పాడిన పాటకి ఆస్కార్ వచ్చింది. అయిదు నామినేషన్లలో చేతికొచ్చింది అదొక్కటే. అసలు నాష్‌విల్ గాయకులు మాత్రం, ఇవేం కంట్రీ పాటలు, మా చేత రాయించకుండా మమ్మల్నే వెక్కిరించారు అని మండిపడ్డారు. వాళ్ళ కోపంలో కొంత న్యాయం ఉంది. రేపు ఎవరో హైదరాబాదు నుంచి వచ్చి పద్య నాటకాల మీద వెటకారం సినిమా తీసి, పద్యాలు వాళ్ళే రాసుకుని వాళ్ళే పాడితే తెనాలిలో మేం ఊరుకుంటామా?

కానీ బార్బరా జీన్ స్టేజి మీద తడబడే సీను చూసినప్పుడు వెటకారం అన్న మాట మర్చిపోయాను. ఒళ్ళు బాగాలేక ఆస్పత్రి నుంచి వచ్చిన మనిషి. రెండు పాటలు పాడుతుంది. మూడో పాటకి వాయిద్యాలు ఎత్తుకుంటాయి, ఆవిడ పాట అందుకోదు, చిన్నప్పటి సంగతులు చెప్పడం మొదలుపెడుతుంది. వాళ్ళు ఆపుతారు. మళ్ళీ ఎత్తుకుంటారు. మళ్ళీ అమ్మమ్మ, కోళ్ళు అంటూ ఎక్కడికో వెళ్ళిపోతుంది. జనం గోల చేస్తారు. మొగుడు వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోతాడు. నేను ఇలాంటిది ఒక్కసారి చూశాను, ఒక పరిషత్తు నాటకంలో. పేరున్న నటుడు, పద్యం మొదలెట్టి రెండో పాదం దగ్గర ఆగిపోయాడు. హార్మోనిస్టు శ్రుతి వదలకుండా పట్టుకుని కూర్చున్నాడు, పాపం, ఎంతసేపో. నా చెయ్యి మైక్ వాల్యూమ్ మీద ఉంది. తగ్గించాలా వద్దా? తగ్గిస్తే ఆయన పరువు దక్కుతుంది. తగ్గించాక ఆయనకి పద్యం గుర్తొస్తే? వెనక నుంచి ఎవరో 'వన్స్ మోర్' అని అరిచారు. హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.

గోల చేస్తున్న జనాన్ని శాంతపరచడానికి ఆ మొగుడు, రేపు పార్కులో ఉచితంగా పాడుతుంది రండి అని మాటిచ్చేస్తాడు. ఆ పార్కులోనే వాకర్ సభ. అలా ఇరుక్కుంటుంది ఆ పిల్ల, తను ఒక్క మాట అనకుండానే. మొగుడు ఒకే షరతు పెడతాడు, అభ్యర్థి పేరున్న బ్యానర్ కింద పాడదు అని. తీరా వెళ్ళేసరికి బ్యానర్ వేలాడుతూ ఉంటుంది. అక్కడ నేను సోఫాలో లేచి కూర్చున్నాను. ఒక గాయనిని గుడి కార్యక్రమం అని చెప్పి మా వైపు ఒక ఊరికి పిలిపించారు. ఆవిడ కారు దిగి చూస్తే చుట్టూ పార్టీ జెండాలు. ఏ పార్టీనో ఇప్పుడెందుకు. ఆవిడ నా దగ్గరికొచ్చి "అన్నా, మైక్ బాగాలేదని చెప్పొచ్చుగా" అని మెల్లిగా అంది. నేను చెప్పలేదు. సగం డబ్బులు ఇంకా రావాలి. ఆవిడ రెండు అన్నమయ్య కీర్తనలు పాడి వెళ్ళిపోయింది. నాయకుడు తొమ్మిదిన్నరకి వచ్చాడు.

సౌండు గురించి కూడా చెప్పాలి, ఇది చెప్పడానికి మా లాంటివాళ్ళే కావాలి. ఈ సినిమాలో నలుగురు ఒకేసారి మాట్లాడతారు. ఆల్ట్‌మన్ ఎనిమిది ట్రాకుల రికార్డింగ్ వాడాడు. నటుల ఒంటి మీదే చిన్న మైకులు పెట్టి, ఒక్కొక్క గొంతూ విడివిడిగా పట్టుకున్నాడు. తర్వాత కూర్చుని ఎవరి గొంతు పెంచాలి, ఎవరిది తగ్గించాలి అని చూసుకున్నాడు. 1974లో! అప్పటికి నేను మా నాన్న దగ్గర సోల్డరింగ్ కూడా సరిగ్గా రాక తిట్లు తింటున్నాను. దాంతో ఏం సాధించాడంటే, ఆస్పత్రిలో ఒక ముసలాయనకి పెళ్ళాం చచ్చిపోయిందని అప్పుడే తెలుస్తుంది. పక్కనున్న సైనికుడికి ఆ సంగతి తెలియదు, వెళ్తూ వెళ్తూ మీ ఆవిణ్ణి అడిగానని చెప్పండి అన్న ధోరణిలో పలకరించి పోతాడు. అటు దుఃఖం, ఇటు మర్యాద, రెండూ ఒకే స్థాయిలో వినిపిస్తాయి. ఏ వయొలిన్ వచ్చి ఇది ఏడవాల్సిన చోటు అని చెప్పదు.

లిలీ టామ్లిన్ పాత్రకి వినపడని పిల్లలు ఇద్దరు. ఆవిడ వాళ్ళ కోసం సైగల భాష నేర్చుకుంది. మొగుడు నేర్చుకోలేదు. అన్నం బల్ల దగ్గర కొడుకు సైగలతో ఏదో సంబరంగా చెబుతుంటే ఆయన దిక్కులు చూస్తాడు. అంత చప్పుడు ఉన్న సినిమాలో నాకు బాగా గుర్తుండిపోయింది ఆ పిల్లాడి చేతులు.

సూలీన్ అనే అమ్మాయి గురించి మీరు ఒక వాక్యం రాశారు, అది చాలదు. ఆ పిల్లకి పాట రాదు. ఆ సంగతి తనకి తప్ప అందరికీ తెలుసు. పార్టీ విరాళాల కోసం మగవాళ్ళు కూడిన చోట పాడమని పిలుస్తారు. పాట మొదలెట్టగానే బట్టలు విప్పమని గోల. విప్పితే రేపు బార్బరా జీన్‌తో స్టేజి మీద పాడనిస్తాం అని పార్టీ మనుషులు మాటిస్తారు. ఆ పిల్ల విప్పుతుంది. మర్నాడు స్టేజి పక్కనే నుంచుని ఉంటుంది, పాట దక్కదు. మన రికార్డింగ్ డ్యాన్సులకి మైక్ కట్టినవాణ్ణి నేను. ఇంతకంటే దీని గురించి రాయలేను.

ఇప్పుడు ఆ పార్కు. ఊరి మధ్య సెంటెనియల్ పార్కులో గ్రీకుల పార్థెనాన్ గుడికి నకలు ఒకటి కట్టారు. 1897లో టెన్నెసీ రాష్ట్రానికి నూరేళ్ళని పెట్టిన ఎగ్జిబిషన్ కోసం కట్టింది, జనానికి నచ్చి ఉంచేసుకున్నారు, తర్వాత సిమెంటుతో మళ్ళీ గట్టిగా కట్టారు. సినిమాలో ఆఖరి సభ ఆ మెట్ల మీదే. మా మనవడు అక్కడ సైకిల్ తొక్కుతుంటే నేను ఆ స్తంభాలు చూస్తూ ఎక్కడ హారన్లు కడితే గొంతు పచ్చిక చివరిదాకా పోతుందా అని లెక్క వేసుకున్నాను. చేతి అలవాటు.

కథ ఎలా ముగుస్తుందో మీ వ్యాసంలో చెప్పేశారు కాబట్టి నేనూ చెబుతాను. ఫిడేలు పెట్టె పట్టుకుని అయిదు రోజులుగా మన కళ్ళ ముందే తిరుగుతున్న ఒక నెమ్మదైన కుర్రాడు, ఆ పెట్టెలోంచి తుపాకీ తీసి, పాట పూర్తి చేసిన బార్బరా జీన్‌ని కాల్చేస్తాడు. వాకర్‌ని కాదు. వాకర్ కారు దిగనే లేదు. ఎందుకు కాల్చాడో చెప్పరు. చేతికి గాయమై రక్తం కారుతున్న హామిల్టన్, అంతవరకూ మనం నవ్వుకున్న ఆ పొట్టి మనిషి, ఇది (కెనెడీని కాల్చి చంపిన) డల్లాస్ కాదు నాష్‌విల్ అని అరిచి, ఎవరైనా పాడండి అని మైక్ చేతికందిన మనిషికి ఇచ్చేస్తాడు. అది ఎవరికి దక్కిందో చూడండి. గాయని కావాలని మొగుణ్ణి వదిలి పారిపోయి వచ్చి, చిరిగిన మేజోళ్ళతో అయిదు రోజులూ ఊరంతా తిరిగి, ఒక్క సరైన ఛాన్స్ దొరకని ఆడమనిషికి. బార్బరా హారిస్ వేసింది. ఆవిడ మొదట గొణిగినట్టు, తర్వాత గొంతెత్తి, నాకేం దిగుల్లేదు అని సాగే పాట అందుకుంటుంది. వెనక నల్లవాళ్ళ బృందం కలుస్తుంది. జనం చప్పట్లు కొడుతూ పాడతారు. పిల్లలూ పాడతారు. టేప్ రికార్డరు భుజాన వేసుకుని అయిదు రోజులూ తిరిగిన బీబీసీ ఆవిడ మాత్రం ఆ క్షణానికి అక్కడ లేదు, ఏం జరిగింది, ఏం జరిగింది అని అడుగుతూ వస్తుంది.

మీ వ్యాసంలో ఆ జనాన్ని 'గొర్రెల మంద' అన్నారు. ఇదే నా రెండో అభ్యంతరం, అసలు ఉత్తరం దీని కోసమే.

1989 నవంబరు, ఎన్నికలు. తెనాలికి పది మైళ్ళలోపు ఒక ఊళ్ళో సభ. నాయకుడు ఎప్పటిలాగే ఆలస్యం. జనం ఎక్కువై వెదురు గ్యాలరీ ఒకవైపు కూలింది. కరెంటు తీగ ఒకటి తెగి నిప్పురవ్వలు లేచాయి. కరెంటు షాకు అని ఎవరో కేక వేశారు. అంతే, వెయ్యి మంది ఉంటారేమో, అందరూ ఒకే వైపు తిరిగారు. ముందు వరసల్లో ఆడవాళ్ళు, చంకల్లో పిల్లలు. నా యాంప్లిఫయర్ బ్యాటరీ మీద ఉంది కాబట్టి బతికే ఉంది. నిర్వాహకుడు స్టేజి వెనక నుంచి నా మీదకి అరిచాడు, "పాట వెయ్యవయ్యా, ఏదో ఒకటి వెయ్యి!" చేతికి దొరికిన క్యాసెట్ నొక్కాను. భక్తి పాట. రోజూ తెల్లవారుజామున గుడిలో వేసేది, ఆ ఊరందరికీ నోటికి వచ్చినది. మొదటి చరణం సగం అయ్యేసరికి జనం ఆగారు. నిజంగా ఆగారు. ముందు వరసలో ఒక ముసలామె కూర్చుంది, ఆమెని చూసి పక్కవాళ్ళు కూర్చున్నారు. కొందరు పాడారు కూడా. ఆ పాట పడకపోతే ఎంతమంది తొక్కిసలాటలో పోయేవారో నాకు తెలియదు. వాళ్ళు గొర్రెలు కారు. బతకడానికి ఏం చేయాలో అది చేశారు.

కానీ ఇంకోటి కూడా చెప్పాలి, లేకపోతే అబద్ధం ఆడినవాణ్ణవుతాను. ఆ పాట మోగుతున్నంతసేపూ గ్యాలరీ కింద పడ్డవాళ్ళు ముగ్గురు మూలుగుతున్నారు. వాళ్ళని ట్రాక్టరు మీద తీసుకెళ్ళడం పాట చాటునే జరిగిపోయింది. వెనకవైపు ఉన్నవాళ్ళకి ఆ సంగతే తెలియలేదు. ఇరవై నిమిషాలకి నాయకుడు వచ్చాడు, ఉపన్యాసం అయింది, జనం చప్పట్లు కొట్టారు. అందుకే ఆ సినిమా ఆఖర్న కెమెరా జనాన్ని వదిలి ఆకాశం వైపు లేస్తుంటే, మా అల్లుడు "ఇది వెటకారమా, ధైర్యమా మామయ్య గారూ" అని అడిగాడు. రెండూ అన్నాను. తప్పించుకున్నాననుకున్నాడు.

ముగ్గురిలో ఒకాయన కాలు మళ్ళీ సరిగ్గా రాలేదు. తర్వాత చాలా ఏళ్ళు మా షాపు ముందు నుంచే కర్ర ఊతంతో వెళ్ళేవాడు, ఆ సభలో పాట వేసింది నేనేనని ఆయనకి తెలియదు. ఆ రాత్రి సభ అయ్యాక నిర్వాహకులు నా డబ్బులు ఇచ్చేశారు. గ్యాలరీ కూలినప్పుడు పగిలిన ట్యూబులైటుకి యాభై రూపాయలు పట్టుకున్నారు.

ఇట్లు,
పాత మైక్ సెట్ ఓనరు,
తెనాలి